సంచి మీద ముద్ర ఏం చెబుతుంది?

సీతంపేట సంతలో రెండు పసుపు కుప్పలు పక్కపక్కన ఉన్నాయనుకుందాం. రెండూ పచ్చగానే ఉన్నాయి. వాసన కూడా ఒకటే. ఒక కుప్ప కొండ మీద పండింది. దానికి పశువుల గత్తం తప్ప మరేదీ వేయలేదు. రెండోది పల్లంలో పండింది. దానికి యూరియా వేశారు. పురుగుమందు రెండుసార్లు కొట్టారు.

షావుకారు వచ్చాడు. రెండు కుప్పలకూ ఒకే ధర చెప్పాడు.

"మాది మందు కొట్టని పసుపు బాబూ, నమ్మండి" అంది కొండ మీద నుంచి వచ్చిన రైతమ్మ.

"నాను నమ్ముతానమ్మా. విశాఖపట్నంలో కొన్నోలు నమ్మాలి గదా" అన్నాడు షావుకారు.

షావుకారు మాటలో కొంత నిజం ఉంది. కొనే మనిషి పొలం చూడలేదు. రైతమ్మను చూడలేదు. మరి ఎలా నమ్మాలి?

బంగారం సంగతి చూడండి. గొలుసు కొనేటప్పుడు కంసాలి మాట ఒక్కటే వినం. హాల్ మార్కు ఉందా అని చూస్తాం. ఇప్పుడు హాల్ మార్కులో మూడు గుర్తులు ఉంటాయి. ఒకటి ప్రభుత్వ సంస్థ గుర్తు. రెండోది బంగారం ఎంత మేలిమి అని చెప్పే అంకె. మూడోది ఆ నగకే చెందిన ఆరు అక్షరాల సంఖ్య. అమ్మినవాడు కాకుండా వేరేవాళ్లు పరీక్ష చేసి ఆ ముద్ర వేస్తారు. దాని విలువంతా అందులోనే ఉంది.

పంటకు కూడా అలాంటి ముద్రలు ఉన్నాయి. బట్టకు ఉన్నాయి. రొయ్యకు ఉన్నాయి. నేల పాడవకుండా, నీరు చెడకుండా, పనిచేసేవాళ్లకు అన్యాయం జరగకుండా సరుకు తయారైందని చెప్పే కాగితాన్ని ధ్రువపత్రం అంటారు. సర్టిఫికెట్ అన్నా అదే. చిన్న రైతుల గుంపు మొదలు పెద్ద కంపెనీ వరకూ ఎవరైనా దీనికి అడగవచ్చు. కానీ అడిగినంత మాత్రాన ఇవ్వరు.

మన దేశంలో మందులు లేని పంటకు ముఖ్యంగా రెండు దారులు ఉన్నాయి. మొదటి దారి బయటి సంస్థ వచ్చి తనిఖీ చేయడం. దీని నియమాలు 2001 నుంచి అమల్లో ఉన్నాయి. ఈ దారిలో ధ్రువపత్రం వస్తే సరుకును విదేశాలకు కూడా పంపవచ్చు. అయితే తనిఖీ సంస్థకు ఫీజు కట్టాలి. అర ఎకరం, ఎకరం ఉన్నవాళ్లకు అది మోయలేని బరువు. అందుకే ఈ దారిలో చిన్న రైతులు గుంపుగా చేరి, ఖర్చు పంచుకుని ఒకే ధ్రువపత్రం తీసుకుంటారు.

రెండో దారి రైతులు ఒకరి పొలం ఒకరు చూసుకోవడం. దీన్ని పి.జి.ఎస్. అంటారు. ఇది మన దేశంలో 2011 నుంచి నడుస్తోంది. కనీసం అయిదుగురు రైతులు ఒక గుంపుగా చేరాలి. ఒకే ఊరివాళ్లు, లేదా పక్క పక్క ఊళ్లవాళ్లు అయి ఉండాలి. రసాయనిక ఎరువులు, పురుగుమందులు వాడం అని అందరూ ప్రమాణ పత్రం మీద సంతకం పెట్టాలి. తరువాత ఒకరి పొలానికి ఒకరు వెళ్లి చూడాలి. చూసింది కాగితం మీద రాయాలి. ఎవరికి ధ్రువపత్రం ఇవ్వవచ్చో, ఎవరికి ఇవ్వకూడదో గుంపు కూర్చుని తేల్చుకోవాలి. ఆ పైన ప్రాంతీయ మండలి ఆ కాగితాలు చూసి ధ్రువపత్రం మంజూరు చేస్తుంది. ఈ దారిలో ఖర్చు చాలా తక్కువ. కాకపోతే దీని ముద్ర మన దేశంలో అమ్మకానికే పనికొస్తుంది.

ఇరుగు పొరుగు వాళ్లే తనిఖీ చేస్తే మొహమాటం ఉండదా? ఉంటుంది. వదినె పొలంలో మందు డబ్బా కనబడితే ఆడపడుచు రాయగలదా? రాయడం కష్టమే. అయినా ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. పట్నం నుంచి ఏడాదికి ఒకసారి వచ్చే తనిఖీదారు కన్ను కప్పవచ్చు. రోజూ అదే గట్టు మీద నడిచే మనిషి కన్ను కప్పలేం. ఒకరు తప్పు చేస్తే వాళ్ల పేరును జాబితా నుంచి తప్పించే అధికారం గుంపుకు ఉంది. ఒకరి తప్పును దాచిపెడితే చివరికి అందరి ముద్రా పోతుంది.

రెండు దారుల్లోనూ తప్పని పని ఒకటుంది. అది రాయడం.

ఏ రోజు ఏం చేశారో రాసే పుస్తకం ప్రతి రైతుకూ ఉండాలి. ఖరీదైన పుస్తకం అక్కరలేదు. పిల్లల నోటు పుస్తకం చాలు. అందులో ఇలా రాయవచ్చు.

జూన్ 10. అర ఎకరంలో పసుపు నాటాం. దుంపలు సొంతవి. కిందటేడు దాచినవి.

జూన్ 28. పశువుల గత్తం మూడు బళ్లు వేశాం. ఇంటి గత్తమే.

ఆగస్టు 4. ఆకు మీద మచ్చ వచ్చింది. పుల్ల మజ్జిగ నీళ్లలో కలిపి కొట్టాం.

ఫిబ్రవరి 9. తవ్వాం. పచ్చి కొమ్ములు 10 క్వింటాళ్లు.

మార్చి 2. ఉడికించి, ఎండబెట్టి తూచాం. 2 క్వింటాళ్లు.

"ఏటి అప్పా, ఇంతా రాస్తే ఎవులు సదువుతారు?" అని గుంపులో ఎవరో ఒకరు అడుగుతారు.

చదువుతారు. తనిఖీకి వచ్చినవాళ్లు మొదట అడిగేది ఈ పుస్తకమే. వాళ్లు అంకెలు కలిపి చూస్తారు. పచ్చి పసుపు ఉడికించి ఎండబెడితే సుమారు అయిదో వంతు మిగులుతుంది. పది క్వింటాళ్ల పచ్చి పసుపు రెండు క్వింటాళ్లు అవుతుంది. పుస్తకంలో రెండు క్వింటాళ్లు ఉండి, అమ్మిన రసీదులో ఆరు క్వింటాళ్లు ఉంటే ఏమిటి అర్థం? బయట కొన్న పసుపు ఇందులో కలిపారన్న మాట. పొలంలో కనబడని మోసం పుస్తకంలో పట్టుబడుతుంది.

చాలా ఇళ్లలో మగవాళ్లు పట్నం పనికి పోతారు. నాటేది, కలుపు తీసేది, గత్తం మోసేది, ఉడకబెట్టేది ఆడవాళ్లే. ఏ రోజు ఏం వేశారో వాళ్లకు తెలిసినట్టు మరొకరికి తెలియదు. కాబట్టి ఆ పుస్తకం రాయవలసింది వాళ్లే. అయితే ధ్రువపత్రం జాబితాలో ఎక్కే పేరు ఎవరిది? చాలా చోట్ల పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్ల పేరే ఎక్కిస్తారు. సాగు చేసే మనిషి పేరు కూడా రాయండి అని గుంపు సమావేశంలోనే అడగాలి. జాబితా పైకి వెళ్లిపోయాక అడిగితే లాభం ఉండదు.

పొలంలో చిన్న చిన్న పొరపాట్ల వల్ల ముద్ర పోవడం ఉంది. పక్క పొలంవాళ్లు మందు కొడితే గాలికి మన చేలో పడుతుంది. అందుకని గట్టు వెంబడి కొంత జాగా వదలాలి. లేదా కంది లాంటి ఎత్తు మొక్కలు వరసగా వేయాలి. పక్క చేను నీరు మన మడిలోకి దిగకుండా చూడాలి. అరువు తెచ్చిన స్ప్రేయరు డబ్బాలో పాత మందు అడుగున ఉండిపోతుంది. అన్నిటి కన్నా ఎక్కువగా జరిగే పొరపాటు ఇంకొకటి ఉంది. యూరియా సంచి గట్టిగా ఉంటుంది. పారేయబుద్ధి కాదు. కడిగి అందులో పంట పోస్తాం. ఏడాదంతా మందు లేకుండా పండించి చివరికి ఎరువు సంచిలో నింపితే ధ్రువపత్రం రాదు. ఆ సరుకుకు గోనె సంచులు విడిగా ఉంచుకోవాలి.

ఇంకో సంగతి. ఈ ఏడాది మందు మానేస్తే ఈ ఏడాదే ముద్ర రాదు. నేలలో ఉన్న మందు పోవాలి. బయటి సంస్థ తనిఖీ దారిలో ఏడాది పంటలకు రెండేళ్లు, జీడిమామిడి వంటి తోటలకు మూడేళ్లు ఆగాలి. ఆ రోజుల్లో దిగుబడి తగ్గవచ్చు. ధర మాత్రం మామూలు ధరే వస్తుంది. చాలామంది ఇక్కడే విసుగెత్తి వదిలేస్తారు. పి.జి.ఎస్. దారిలో ఈ మధ్యకాలంలో కూడా ఒక ముద్ర ఇస్తారు. దాని పేరు పి.జి.ఎస్. గ్రీన్. పూర్తి అయ్యాక పి.జి.ఎస్. ఆర్గానిక్ అనే ముద్ర వస్తుంది.

మరి ఎన్నడూ మందు ఎరగని కొండ ఊళ్ల మాటేమిటి? అవి కూడా ఏళ్ల తరబడి ఆగాలా? ఆ ప్రశ్న ప్రభుత్వానికీ వచ్చింది. ఒక ప్రాంతం ప్రాంతమంతా మొదటి నుంచీ మందులు వాడకపోతే, విచారణ చేసి ఒకేసారి ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి పెట్టారు. 2021లో నికోబార్ దీవుల్లో 14,491 హెక్టార్లకు అలా ఇచ్చారు. మన దేశంలో అదే మొదటిది. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు కొండ మీది ఊళ్లవాళ్లు ఈ సంగతి తెలుసుకుని వ్యవసాయ శాఖను అడగదగ్గది. ఈ మండలాలు 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నాయి. అంతకు ముందు సీతంపేట శ్రీకాకుళం జిల్లాలోను, మిగతావి విజయనగరం జిల్లాలోను ఉండేవి.

ముద్ర వల్ల నిజంగా లాభం ఉందా? దానికి దగ్గరలోనే ఉదాహరణ ఉంది. అరకు కాఫీ.

అరకు లోయలో గిరిజనులు సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియాల తీగల నడుమ కాఫీ పండిస్తారు. ఒకప్పుడు ఆ గింజలు దళారులు చెప్పిన ధరకే పోయేవి. తరువాత అక్కడి చిన్న రైతులు సహకార సంఘంగా చేరారు. నాంది ఫౌండేషన్ అనే సంస్థ వాళ్లతో కలిసి పనిచేసింది. వాళ్ల కాఫీకి సేంద్రియ ధ్రువపత్రం వచ్చింది. ఫెయిర్ ట్రేడ్ అనే ముద్ర కూడా వచ్చింది.

ఫెయిర్ ట్రేడ్ అంటే న్యాయమైన వ్యాపారం. ఇది తక్కిన ముద్రల్లాంటిది కాదు. బజారులో ధర పడిపోయినా ఇంతకు తక్కువ ఇవ్వకూడదని కాఫీకి ఒక కనీస ధర పెడతారు. ఆ పైన ప్రతి కిలోకూ కొంత సొమ్ము సంఘం నిధికి వేరుగా కడతారు. ఆ సొమ్మును దేనికి ఖర్చు పెట్టాలో సంఘం సభ్యులే కూర్చుని నిర్ణయించుకోవాలి. 2017లో అరకు పేరుతోనే ఫ్రాన్సు దేశపు రాజధాని పారిస్ లో కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని అర్థం ఇంకోచోట పండిన కాఫీని ఆ పేరుతో అమ్మకూడదు అని. పేరును కాపాడే ఈ గుర్తింపు వేరు, మందు వాడలేదని చెప్పే ధ్రువపత్రం వేరు. రెండూ ఒకటే అని చాలామంది పొరబడతారు.

ఇప్పుడు కొండ దిగి పొందూరు వద్దాం. అక్కడి ఖాదీ సంగతి శ్రీకాకుళం జిల్లాలో తెలియని ఇల్లు ఉండదు. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. చేతి రాట్నం మీద నూలు వడుకుతారు. వడికేది ఆడవాళ్లే. ఆ పంచెలో కరెంటు ఖర్చు లేదు. మిల్లు పొగ లేదు. కానీ బజారులో మిల్లు బట్టను ఖాదీ అని అమ్మేవాళ్లు ఉన్నారు. ఒక పంచెకు పట్టే నూలు వడకడానికి ఎన్నో రోజులు పడుతుంది. మిల్లు బట్ట వచ్చి ఆ పేరును క్షణంలో కొట్టేస్తుంది. అందుకు 2013లో ఖాదీ మార్కు నియమాలు వచ్చాయి. చేత్తో వడికి, చేత్తో నేసిన బట్టకే ఆ మార్కు వేయాలి. మార్కు లేకుండా ఖాదీ పేరుతో అమ్మకూడదు. వడికే అమ్మకు ఎంత కూలి ముట్టిందో మాత్రం ఆ మార్కు చూసి తెలుసుకోలేం.

ప్రతి ముద్రా తనకు అప్పగించిన ఒక్క సంగతే చెబుతుంది. మిగతా వాటి గురించి నోరెత్తదు. పలాస జీడిపప్పు పొట్లం తీసుకోండి. దాని మీద ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. అనే అక్షరాలు, 14 అంకెల సంఖ్య ఉంటాయి. ఆహారం అమ్మడానికి ఆ వ్యాపారికి లైసెన్సు ఉందని దాని అర్థం. తోటలో మందు కొట్టారా లేదా అన్నది ఆ సంఖ్య చెప్పదు. గింజ కొట్టేటప్పుడు జీడి నూనె తగిలి వేళ్ల చర్మం ఊడిన ఆడవాళ్ల గురించి అసలే చెప్పదు.

పనిచేసేవాళ్ల గురించి అడిగే ముద్రలు కూడా ఉన్నాయి. భోగాపురం, పూసపాటిరేగ తీరంలో రొయ్య పిల్లలను తయారు చేసే హేచరీలు ఉన్నాయి. మన కోస్తా రొయ్యలు ఎక్కువగా అమెరికా పోతాయి. అక్కడి పెద్ద దుకాణాలు బి.ఏ.పి. అనే ముద్ర అడుగుతాయి. దానికి నాలుగు నక్షత్రాలు ఉంటాయి. హేచరీకి ఒకటి, చెరువుకు ఒకటి, మేత మిల్లుకు ఒకటి, రొయ్యలు ఒలిచి గడ్డకట్టించే ఫ్యాక్టరీకి ఒకటి. ఈ తనిఖీలో చెరువు నీరు ఎక్కడికి వదులుతున్నారో చూడాలి. చట్టం చెప్పిన కూలి ఇస్తున్నారా, చిన్న పిల్లలతో పని చేయిస్తున్నారా, మరుగుదొడ్లు ఉన్నాయా అని కూడా చూడాలి.

చూడాలి అని నియమం ఉంది. అన్ని చోట్లా సరిగా చూశారా? 2024 మార్చిలో అమెరికాలోని ఒక న్యాయ సంస్థ మన దేశపు రొయ్యల పరిశ్రమ మీద పెద్ద నివేదిక అచ్చు వేసింది. మన రాష్ట్రంలోని చెరువులు, ఫ్యాక్టరీల గురించి కూడా అందులో రాశారు. ధ్రువపత్రాలు ఉన్నా కార్మికులకు కష్టాలు తప్పడం లేదని చెప్పారు. తనిఖీ రోజు ముందే తెలిస్తే ఏ యజమాని అయినా ఊడ్పించి, కొత్త తొడుగులు ఇచ్చి, "అడిగితే ఇలా చెప్పండి" అని నేర్పగలడు. అలాంటప్పుడు ఒలుపు బల్ల దగ్గర నిలబడ్డ ఆడమనిషి చెప్పే మాటే అసలు తనిఖీ. తనిఖీదారుతో సూపర్వైజరు లేకుండా విడిగా మాట్లాడతానని ఆమె అడగవచ్చు.

పత్తిలోనూ మోసాలు బయటపడ్డాయి. మధ్యప్రదేశ్ లో సేంద్రియ పత్తి గుంపుల్లో రైతులకు తెలియకుండానే వాళ్ల పేర్లు రాసుకున్నారని ఆరోపణలు వచ్చాయి. పేరు రైతుది. లాభం మరొకరిది. ఎవరైనా ఊరికి వచ్చి, ఆధార్ కాగితం, పట్టా నకలు ఇవ్వండి, ఇక్కడ సంతకం పెట్టండి అంటే ఆగాలి. ఆ కాగితం తలకట్టు చదవాలి. సంస్థ పేరు ఏమిటో, ఏ పంటకో, ఎంత కాలానికో చూడాలి. ఒక నకలు మన దగ్గర ఉంచమనాలి. ఇయ్యను అంటే సంతకం పెట్టవద్దు. డబ్బు కడితే వారం రోజుల్లో సేంద్రియ సర్టిఫికెట్ తెచ్చి ఇస్తాను అనేవాడు దొంగ. పొలం చూడకుండా ఇచ్చే ధ్రువపత్రం లేదు.

కొనేటప్పుడు కూడా చూసుకోవాలి. పొట్లం మీద పచ్చని ఆకు బొమ్మ ఉంటుంది. "సహజం", "ప్యూర్", "నేచురల్" అని పెద్ద అక్షరాలు ఉంటాయి. అవి కంపెనీ తనకు తాను రాసుకున్న మాటలు. సేంద్రియ ఆహారం అని పొట్లం కట్టి అమ్మేటప్పుడు ఉండవలసిన ముద్ర పేరు "జైవిక్ భారత్". ఈ నియమం 2018 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని పక్కన "ఇండియా ఆర్గానిక్" గానీ, పి.జి.ఎస్. గుర్తు గానీ ఉండాలి.

చిన్న రైతుకు ఇందులో ఒక వెసులుబాటు ఉంది. ఏడాదికి 12 లక్షల రూపాయల లోపు అమ్మకం ఉండి, తినేవాళ్లకు నేరుగా అమ్మే రైతుకు గానీ రైతుల సంఘానికి గానీ ధ్రువపత్రం తప్పనిసరి కాదు. సంతలో గంప పెట్టుకుని "మా చోళ్లు మందు లేనివి" అని చెప్పుకోవచ్చు. అయితే జైవిక్ భారత్ ముద్ర వేసుకోకూడదు. దుకాణానికి వేస్తే, పొట్లం కట్టి దూరం పంపితే ఈ వెసులుబాటు చాలదు.

ధ్రువపత్రం చేతికి వచ్చాక దాని మీద నాలుగు చోట్ల చూడాలి. గుంపు పేరు సరిగా ఉందా? మన పేరు జాబితాలో ఉందా? మన పంట పేరు రాశారా? పసుపుకు ఇచ్చిన పత్రంతో అనాసపండు అమ్మకూడదు. నాలుగోది తేదీ. పి.జి.ఎస్. పత్రం ఒక ఏడాదికే ఇస్తారు. గడువు దాటితే అది ఉత్త కాగితం. మళ్లీ పొలాలు చూసి, మళ్లీ పుస్తకాలు చూసి కొత్తది ఇస్తారు. కొత్త ఏడాదికి పుస్తకం జూన్ లో నాటిన రోజు నుంచే మొదలు పెట్టాలి. తనిఖీ ముందు రోజు దీపం పెట్టుకుని కూర్చుని ఏడాదంతా ఒకే కలంతో రాస్తే వచ్చినవాళ్లకు చూడగానే తెలిసిపోతుంది.